గాయము లేని ముష్టియుద్ధము

ముష్టియుద్ధము మిక్కిలి ప్రాచీనమైన క్రీడ. క్రీ. పూ. 688లో గ్రీకులు దానిని ఒలింపిక్ పోటీలలో చేర్చిరి. ఆనాటి యోధులు పిడికిళ్లకు తోలుపట్టీలు చుట్టుకొనెడివారు. 1867లో ఇంగ్లండున వెలువడిన క్వీన్స్‌బెరీ నియమములు మెత్తని చేతి తొడుగులను, మూడేసి నిమిషముల రౌండ్లను విధించినవి. అయినను ప్రాణభయము తొలగలేదు. 1962లో న్యూయార్కు నగరమున ఎమిల్ గ్రిఫిత్‌తో పోరాడి స్పృహ తప్పిన క్యూబా యోధుడు బెన్నీ పారెట్ పది దినములకు మరణించెను. ఎదుగుచున్న పిల్లల మెదడునకు ఈ క్రీడ తగదని 2011లో అమెరికా, కెనడా శిశువైద్య సంఘములు గట్టిగా చెప్పినవి. దెబ్బయే జీవముగా గల క్రీడనుండి గాయమును వేరుచేయుట సాధ్యమా?

ప్రత్యర్థిని తెరమీదికి పంపి, ఆటగాని చేతిని మాత్రము నిజముగా కదలింపజేయుట దీనికి యంత్రనిర్మాతలు కనుగొన్న ఉపాయము. 1976లో జపాను దేశపు సేగా సంస్థ ‘హెవీవెయిట్ చాంప్’ అను ఆటయంత్రమును వెలువరించెను. దానిలో మీటకు మారుగా పిడికిలి తొడుగు ఉండెడిది. దానిని పైకి గాని క్రిందికి గాని జరిపి లోనికి నెట్టినచో తెరపై బొమ్మ గ్రుద్దెడిది. 1989లో మాటెల్ సంస్థ అమెరికాలో అమ్మిన ‘పవర్ గ్లవ్’ మరియొక ప్రయత్నము. ఆ తొడుగునుండి వెలువడు, చెవికందని ధ్వనులను టెలివిజనుకు అమర్చిన మూడు గ్రాహకములు పట్టి, చేయి ఎచ్చట నున్నదో లెక్కించెడివి. ఆ లెక్క తరచు తప్పుచుండుటచే తొడుగు నిలువలేదు.

2006లో నింటెండో సంస్థ ‘వీ’ యంత్రమును, దానితో ‘వీ స్పోర్ట్స్’ అను ఆటల సంపుటిని తెచ్చెను. అందలి ఐదు క్రీడలలో ముష్టియుద్ధ మొకటి. ఆటగాడు రెండు చేతులతో రెండు పరికరములు పట్టుకొని గాలిలో గ్రుద్దవలెను. పరికరము లోపల సిలికానుతో చేసిన అతిసూక్ష్మమైన బరువు కలదు. బస్సు హఠాత్తుగా కదలినపుడు నిలుచున్నవాడు వెనుకకు తూలునట్లు, చేయి విసరినపుడు ఆ బరువు వెనుకబడును. ఆ ఎడమును విద్యుత్తుతో కొలిచి యంత్రము దెబ్బను గుర్తించును.

ఇచ్చట మనము గమనింపవలసిన విశేషము కలదు. ఆ యంత్రము కొలుచునది కండబలము కాదు, వేగములోని మార్పు. కావుననే తాతయు మనుమడును ఒకే తెరముందు సమానులైరి. కాని ఆ కారణముచేతనే మణికట్టు విదిలించినను దెబ్బగా చెల్లినది. 2007లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’ ప్రకటించిన పరిశోధనలో, 13–15 ఏండ్ల పిల్లలు కూర్చుండి ఆడు ఆటలకంటె ఇట్టి ఆటలలో ఎక్కువ శక్తిని వ్యయించినను, అది నిజమైన క్రీడలలోని శ్రమకు సాటిరాలేదని తేలినది.

2017లో వచ్చిన ‘ఆర్మ్స్’ ఈ లోపమును కొంత సవరించెను. అందలి యోధుల చేతులు స్ప్రింగులవలె సాగును. భ్రమణమును కూడ గ్రహించు పరికరమును త్రిప్పినచో దెబ్బ వంపు తిరిగి పోవును. రెంటిని లోపలికి వంచినచో రక్షణ కలుగును. అమెరికా వర్గీకరణ సంస్థ దీనిని పదేండ్లు నిండినవారికి తగినదిగా నిర్ణయించెను.

గాయము తొలగినది, దానితోపాటు శ్రమయు కొంత తగ్గినది. నొప్పి నెదుర్కొను ధైర్యమును తెర నేర్పజాలదు. అయినను దెబ్బను ఎప్పుడు వేయవలెనో, ఎప్పుడు కాచుకొనవలెనో అది నేర్పగలదు. పిల్లల తలకు దెబ్బ తగులకుండ అబ్బెడి విద్య యింతయే యైనను, దానిని మనము అల్పమని త్రోసివేయరాదు.