ఊఁకొట్టేవాళ్లుంటేనే కథ



పిల్లలకి కథ చెప్పబోయేముందు మనందరం ఒక షరతు పెడతాం, "ఊఁ కొట్టాలి సుమా, లేకపోతే చెప్పను" అని. పిల్లవాడి ఊఁ సన్నబడిందంటే నిద్ర ముంచుకొస్తోందన్నమాట. అది ఆగితే మన కథా ఆగిపోతుంది. మంచంమీది యీ చిన్న షరతే మన హరికథకీ, బుర్రకథకీ ప్రాణమంటే నవ్వకండి. ఈవేళ ఆ సంగతే ముచ్చటించుకుందాం.

మాది వత్సవాయి. జగ్గయ్యపేట, నందిగామల వైపు మెట్ట వూరు. ఒకప్పుడు కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. మాకు దగ్గర్లోనే మునేటి వొడ్డున పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి తిరునాళ్ల జరుగుతుంది. తిరునాళ్లలో చెక్కభజన చూసే వుంటారు. అందులో పాడేవారెవరు, వినేవారెవరు? ముందు ఒకరు అందుకుంటే వెనక అందరూ అంటారు. చూడ్డానికొచ్చినవాళ్ల కాలు కూడా తాళానికి కదులుతూనే వుంటుంది.

హరికథలో దాసుగారు ఒక్కరే నిలబడతారు గదా అనవచ్చు. కాని ఆయన మధ్య మధ్య మనచేత గోవింద కొట్టిస్తారు. అది భక్తికి భక్తీ, ఉపాయానికి ఉపాయమూను. మనం గోవిందా అనేలోపల ఆయన వూపిరి పీల్చుకుంటారు. సభ మేలుకుని వుందో, కునుకుతోందో ఆ గోవిందలోనే ఆయనకి తెలిసిపోతుంది.

బుర్రకథ యింకో అడుగు ముందుకు వేసింది. ఊఁకొట్టేవాళ్లని ఏకంగా వేదికే ఎక్కించింది. మధ్యన తంబుర భుజాన వేసుకుని, చేతికి అందెలు తొడుక్కుని కథకుడు. అటూ యిటూ గుమ్మెటలతో వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. కథకుడు చరణం విడిచేసరికి వాళ్లు తందాన అందుకుంటారు. "అదేమిటి గురూ?" అని అడ్డుపడతారు. ఆ అడిగేది వాళ్లు కాదు, మనమే. మన మనసులో పుట్టిన సందేహం వాళ్ల నోట వస్తుంది. ఎవరేమన్నా తలూపేవాణ్ణి "వంత పాడుతున్నాడు" అని యీసడిస్తాం గాని, నిజమైన వంత అలాంటిది కాదు. నిలవేసి అడుగుతుంది, తప్పితే నవ్వుతుంది.

ఈ అడగడంలో ఎంత బలముందో 1940ల్లో బయటపడింది. 1943లో ప్రజానాట్యమండలి ఏర్పడ్డాక బుర్రకథ వూరూరా తిరిగింది. సుంకర సత్యనారాయణ గారు 'కష్టజీవి' వంటి కథలు రాశారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారు (1920-1997) పల్నాటి యుద్ధం, బొబ్బిలి, అల్లూరి సీతారామరాజు కథలు చెప్పి జనాన్ని కదిలించారు. 1986లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. కథ ఏ కాలానిదైనా రాజకీయ వంత ఒక్క మాట విసిరేసరికి అది ఆనాటి కథ అయిపోయేది. బొబ్బిలి కోట అంటే జనం తెల్లదొరని తలుచుకునేవారు. ఆ అర్థం పాటలోనే వుందా? సగం పాటలో వుంది, సగం విన్నవాళ్ల గుండెల్లో వుంది. రెండూ కలిసిన చోటే కథ పుట్టింది.

మన ఆడవాళ్ల సంగతి కూడా యిక్కడే చెప్పుకోవాలి. బుర్రకథకి మూలం జంగాల కథలంటారు. వాటిలో భర్త కథ చెబితే భార్య వంత పాడేది. అంటే ఊఁకొట్టే పని మనకి కొత్త కాదు. తంబుర పట్టడమే కొత్త. ఆ 1940ల్లోనే మోటూరి ఉదయం గారు మొదలైనవారు మహిళా దళం కట్టి కథ చెప్పారు. మా నాయనమ్మ చిన్నతనంలో ఆడవాళ్లు చెప్పిన బుర్రకథ ఒకటి విన్నదట. ఆమెకి చదువు రాదు. మగవాళ్ల వెనకాల, చీకట్లో, గోడవారన కూర్చుందట. "ఆ పిల్ల వెనక్కి చూసి మమ్మల్నే అడిగిందే! సభలో నా గొంతు నాకు వినపడటం అదే మొదలు" అనేది. కథ ఏమిటో మరిచిపోయింది గాని, తాను జవాబు చెప్పిన సంగతి చివరిదాకా మరువలేదు.

1948 తరువాత కమ్యూనిస్టులమీద నిర్బంధం పెరిగి దళాలు చెదిరిపోయాయి. బుర్రకథ మాత్రం మిగిలింది. ఆ యేడే డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. తరువాత బుర్రకథ రేడియోలోకీ వచ్చింది. స్టూడియోలో జనం వుండరు. అయినా కథ నిలిచిందంటే, మన తరఫున వంతలు అక్కడ వున్నారు గనుకనే. నాబోటి ప్రసంగాలు చేసేవాళ్లకి ఆ భాగ్యం లేదు. ఎర్రదీపం వెలిగాక ఎదురుగా మైకు తప్ప మరేమీ కనపడదు. ఏ వంటింట్లోనో కూర తరుగుతూ ఒకామె ఊఁ అంటోందని వూహించుకుని మాట్లాడతాను.

ఆమధ్య మా ప్రాంతంలో బుర్రకథ జరిగితే వెళ్లాను. ముందు వరసల్లో అందరూ సెల్‌ఫోన్లు ఎత్తిపట్టి బొమ్మ తీస్తున్నారు. నేనూ తీశాను, అబద్ధమెందుకు. కథకుడు అడుగుతున్నాడు, జవాబు లేదు. వంతలు తమలో తామే నవ్వుకుంటున్నారు. వున్నట్టుండి వెనకనుంచి ఒక ముసలమ్మ "ఊఁ, తరవాతో!" అంది. కథకుడు గభాలున అటు తిరిగాడు. అక్కణ్ణుంచి గొంతు లేచింది, అడుగు లేచింది. మిగతా కథంతా ఆమెకే చెప్పాడు. నేను సిగ్గుపడి ఫోను సంచిలో వేసుకున్నాను. ఆ బొమ్మ యిప్పటికీ నా ఫోనులో వుంది. అందులో ముసలమ్మ ఊఁకి ముందున్న కథే వుంది.

ఈసారి మీ వూళ్లో కథ జరిగితే పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి. ఊఁకొట్టడం వాళ్లకి మంచంమీదే నేర్పాం గదా, సభలో కూడా కొట్టనివ్వండి.

సెలవు.