డీప్ మిడ్‌ఫీల్డర్: ఫుట్‌బాల్‌లో ఒక పాత్ర చరిత్ర

ఫుట్‌బాల్ జట్టులో డిఫెండర్ల వరుసకు కాస్త ముందు నిలబడి, వాళ్ల దగ్గర బంతి అందుకుని, దాడి ఎటునుంచి సాగాలో నిర్ణయించే ఆటగాడు డీప్ మిడ్‌ఫీల్డర్. ఇటలీలో రెజిస్టా అంటారు. ప్రత్యర్థి నుంచి బంతి లాక్కోవడం ఇతని పనిలో ఒక భాగమే, అసలు పని పాస్. గోల్ కొట్టినవాళ్ల జాబితాలో ఇతని పేరు అరుదు. అందుకే ఈ పాత్ర విలువ స్కోరు కార్డులో దొరకదు, ఆట చూస్తేనే తెలుస్తుంది.

దీని మూలం పాత 2-3-5 అమరికలోని సెంటర్ హాఫ్. మైదానం నడిబొడ్డున నిలబడి అటు అడ్డుకునేదీ, ఇటు దాడి మొదలుపెట్టేదీ అతనే. 1925లో ఆఫ్‌సైడ్ నిబంధన మారింది. దాడి చేసే ఆటగాడికి ముందు ప్రత్యర్థులు ముగ్గురుండాలన్న షరతు ఇద్దరికి తగ్గింది. గోల్స్ ఒక్కసారిగా పెరిగాయి. ఆర్సెనల్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ సెంటర్ హాఫ్‌ను ఇద్దరు బ్యాక్‌ల మధ్యకు దించి కాపలాకు పెట్టాడు. ఇంగ్లండ్ అంతా అదే బాట పట్టింది. అక్కడ ఆ స్థానానికి పాస్ నేర్పు కన్నా ఎత్తూ బలమూ ముఖ్యమైపోయాయి. ఇటలీ కోచ్ విటోరియో పోజో మాత్రం సెంటర్ హాఫ్‌ను పూర్తిగా వెనక్కి పంపలేదు. బంతి తమ చేతికి రాగానే అతను ముందుకొచ్చి ఆట నడపాల్సిందే. పోజోకు దొరికిన మనిషి లూయిస్ మోంటి. 1930 ప్రపంచకప్ ఫైనల్లో అర్జెంటీనా తరఫున ఓడి, 1934 ఫైనల్లో ఇటలీ తరఫున గెలిచాడు.

1953 నవంబరులో వెంబ్లీలో హంగరీ ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించినప్పుడు అందరూ మాట్లాడుకున్నది పుష్కాష్ గురించి, హిదెకుటి గురించి. వాళ్లకు బంతి అందించినవాడు యోజెఫ్ బోజిక్. పక్కనున్న జకారియాష్ వెనక కాపలా చూసుకోవడంతో బోజిక్‌కు తలెత్తి చూసే తీరిక దొరికింది. ప్రపంచకప్‌లలో బ్రెజిల్‌కు 1958లో దిది, 1970లో జెర్సన్ అదే పని చేశారు. 1970 ఫైనల్లో ఇటలీపై బ్రెజిల్ మూడో గోల్ చూడండి: జెర్సన్ దూరం నుంచి ఎత్తుగా వేసిన బంతిని పెలే తలతో దించాడు, జైర్జీన్యో లోపలికి నెట్టాడు.

బార్సిలోనాలో కోచ్ యోహాన్ క్రైఫ్ ఈ స్థానాన్ని సన్నగా ఉండే, వేగం అంతగా లేని కుర్రాడు పెప్ గార్డియోలాకు అప్పగించాడు. 1992లో ఆ జట్టు యూరోపియన్ కప్ గెలిచింది. అదే ఏడాది, సహచరుడు కాలితో వెనక్కిచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టుకోకూడదన్న నిబంధన వచ్చింది. వెనకనుంచే తెలివిగా ఆడగలవాడి అవసరం దాంతో ఇంకా పెరిగింది. అయినా 90ల చివర చాలా జట్లు పరిగెత్తి ఒత్తిడి పెట్టే మిడ్‌ఫీల్డర్లకే మొగ్గు చూపాయి.

ఈ పాత్రను మళ్లీ నిలబెట్టింది ఆండ్రియా పిర్లో. మొదట్లో అతను ఫార్వర్డ్‌ల వెనక ఆడేవాడు. ఇంటర్ మిలన్‌లో చోటు దక్కక 2001లో లోన్ మీద బ్రెషియాకు వెళ్లాడు. అక్కడ ఆ స్థానంలో రాబర్టో బాజ్జో ఉన్నాడు. కోచ్ కార్లో మజ్జోనే పిర్లోను వెనక్కి, డిఫెన్స్ ముందుకు జరిపాడు. ఆ ఏప్రిల్ 1న టురిన్‌లో, యువెంటస్‌పై ఒక గోల్ వెనకబడి ఉండగా, పిర్లో డిఫెండర్ల తలల మీదుగా పొడవాటి పాస్ వేశాడు. పరిగెడుతూనే బాజ్జో దాన్ని ఒక్క స్పర్శతో అదుపు చేసి, గోల్‌కీపర్ వాన్ డెర్ సార్‌ను తప్పించి గోల్ కొట్టాడు. ముందు స్థానంలో ఉంటే పిర్లోకు ఆ పాస్ కనిపించేదే కాదు. వెనక ఉండబట్టే మైదానం మొత్తం కళ్లముందుంది. అతను ఏసీ మిలన్‌కు వెళ్లాక కొద్ది నెలల్లోనే బ్రెషియా తెచ్చుకున్నది గార్డియోలాను!

మిలన్‌లో కార్లో అంచెలోట్టి పిర్లోను అక్కడే స్థిరపరిచి, పక్కన పరుగుకు గట్టుజోను పెట్టాడు. 2003, 2007లలో చాంపియన్స్ లీగ్ వచ్చింది. 2006 ప్రపంచకప్ సెమీఫైనల్ 119వ నిమిషంలో, జర్మనీ పెనాల్టీ బాక్స్ అంచున బంతి అందుకున్న పిర్లో వెంటనే షాట్ కొట్టలేదు. అడ్డంగా రెండు మూడడుగులు వేసి, డిఫెండర్లు తనవైపు లాగబడేదాకా ఆగి, చూడకుండానే ఇటలీ సహచరుడు గ్రోస్సోకు పాస్ జార్చాడు. గోల్. ఆ ఆగడమే ఈ విద్యలో సారమంతా.

బలహీనతా అక్కడే ఉంది. 2010 మార్చిలో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ పార్క్ జీ-సంగ్‌ను పిర్లో వెంటే ఉండమన్నాడు. మిలన్ 4-0తో ఓడింది. ఆలోచించడానికి ఒక్క క్షణం దొరక్కపోతే ఎంత గొప్ప పాసరైనా మామూలు ఆటగాడే.

అందుకే తర్వాతి తరం ఒత్తిడిలోనే ఆడటం నేర్చుకుంది. 2008లో బార్సిలోనా కోచ్‌గా గార్డియోలా పైకి తెచ్చిన సెర్జియో బుస్కెట్స్, ఎదుటివాడు మీదికొచ్చే దాకా బంతిని ఉంచుకుని ఒక్క తాకుతో తప్పించేవాడు. 2010 ప్రపంచకప్‌లో స్పెయిన్ అతనికి తోడుగా జాబీ అలోన్సోను కూడా ఆడించింది. ఇద్దరు వెనక ఉంటే దాడి మందగిస్తుందన్న విమర్శలు వచ్చాయి. స్పెయిన్ కప్ గెలిచింది.

రోడ్రి ఈ వరుసలో సంపూర్ణుడు: అడ్డుకుంటాడు, పాస్ ఇస్తాడు, 2023 చాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఏకైక గోల్ కూడా అతనిదే. 2024లో యూరో కప్ ఉత్తమ ఆటగాడిగా నిలిచి, బాలన్ డోర్ అందుకున్నాడు. ఆ సెప్టెంబరులో అతని మోకాలికి తీవ్ర గాయమైంది. వరుసగా నాలుగుసార్లు లీగ్ గెలిచిన అతని జట్టు మాంచెస్టర్ సిటీ ఆ సీజన్లో టైటిల్‌ను లివర్‌పూల్‌కు వదులుకుంది.