హైదరాబాదు క్లోరోఫాం కమిషన్: ఔషధ శాస్త్రంలోని కొన్ని మాటల వెనుక కథ



ఇటీవల మా బంధువుల అమ్మాయి ఒకతె మా ఇంటికి వచ్చింది. నర్సింగ్ రెండవ సంవత్సరం చదువుతున్నది. చేతిలో ఫార్మకాలజీ నోటు పుస్తకం. మోతాదు, గాఢత, చికిత్సా పరిధి, దుష్ఫలితం, మందుల పరస్పర చర్య అంటూ ఒక్కొక్క మాటకు ఒక్కొక్క వాక్యం చొప్పున నిర్వచనాలు రాసుకొన్నది. "తాతయ్యా, అన్నీ కంఠతా వచ్చాయి. పరీక్ష కాగితం చూడగానే అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి" అన్నది.

నేను ఆ నిర్వచనాలు మళ్ళీ చెప్పలేదు. నూట ముప్ఫై ఏళ్ళకు పూర్వం హైదరాబాదు నగరంలో జరిగిన ఒక వైద్య పరిశోధన గురించి చెప్పాను. వైద్య చరిత్ర గ్రంథాలలో దానికి స్థానం ఉన్నది గాని మన తెలుగువారిలో చాలామందికి దాని సంగతి తెలియదు. ఆమెకు చెప్పిన కథనే మీకూ చెబుతాను. నర్సింగ్ చదివేవారికే కాక, ఇంట్లో ఒక్క మాత్ర వేసుకొనే ప్రతివారికీ ఇది పనికి వస్తుంది.

రెండు ప్రశ్నలు

ఔషధ శాస్త్రం ఎంత విస్తరించినా దాని మూలంలో ఉన్నవి రెండే ప్రశ్నలు. మందు శరీరాన్ని ఏమి చేస్తుంది? శరీరం మందును ఏమి చేస్తుంది? మొదటిదానిని ఫార్మకోడైనమిక్స్ అనీ, రెండవదానిని ఫార్మకోకైనెటిక్స్ అనీ అంటారు. మందు ఏ మార్గాన లోపలికి వెళ్ళింది, ఎక్కడెక్కడికి చేరింది, ఎలా మార్పు చెందింది, ఏ దారిన బయటికి పోయింది అన్నది రెండవ ప్రశ్న. లోపలికి వెళ్ళిన మందు ఏ అవయవం మీద, ఏ విధంగా పని చేసింది అన్నది మొదటి ప్రశ్న. మన కథ ప్రధానంగా ఈ మొదటి ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

పదిహేనేళ్ళ బాలిక

1847 నవంబరులో ఎడింబరో నగరంలో జేమ్స్ యంగ్ సింప్సన్ అనే ప్రసూతి వైద్యుడు క్లోరోఫాం ఆవిరికి మనిషిని నిద్రపుచ్చే శక్తి ఉన్నదని కనుగొన్నాడు. అంతకుముందు ఏడాదే వాడుకలోకి వచ్చిన ఈథర్ కన్న దీని వాసన హాయిగా ఉండేది. త్వరగా మత్తు కలిగేది. కొద్ది చుక్కలు చాలేవి. నెలలు తిరగకుండానే ఎన్నో దేశాలకు వ్యాపించింది.

1848 జనవరి 28న ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణం సమీపాన హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ బాలికకు కాలి వేలి గోరు తీయడానికి క్లోరోఫాం ఇచ్చారు. అంతకు కొన్ని నెలల ముందు మరొక గోరుకు ఈథర్ ఇచ్చినప్పుడు ఆమె క్షేమంగా బయటపడింది. ఈసారి నిమిషాల వ్యవధిలో ప్రాణం పోయింది. ఇచ్చినది ఒక టీ చెంచాడు మందు మాత్రమే. క్లోరోఫాం వల్ల సంభవించినట్లు నమోదైన మొదటి మరణం అదే. ఆ తరువాత కూడా ఇటువంటి మరణాలు వస్తూనే ఉన్నాయి. చనిపోయినవారిలో చాలామంది చిన్న శస్త్రచికిత్సకు వచ్చిన ఆరోగ్యవంతులు.

కలరా నీటి ద్వారా వ్యాపిస్తుందని చూపిన జాన్ స్నో గురించి మీరు వినే ఉంటారు. ఆయన వృత్తి మత్తు ఇవ్వడమే. 1853లో విక్టోరియా రాణి ప్రసవ సమయంలో క్లోరోఫాం ఇచ్చినవాడు ఆయనే. ఎన్ని చుక్కలు పోశామన్నది కాదు, రోగి పీల్చే గాలిలో మందు ఎన్ని పాళ్ళు ఉన్నదన్నదే ముఖ్యమని స్నో చెప్పాడు. నూటికి నాలుగైదు పాళ్ళ వరకు ఫరవాలేదనీ, అంతకు రెట్టింపు అయితే గుండె ఆగిపోగలదనీ ఆయన భావించాడు.

మా అమ్మాయి నోటు పుస్తకంలోని మూడు మాటలు ఇక్కడే దొరుకుతాయి. ఇచ్చిన మొత్తం మోతాదు. గాలిలో గాని, రక్తంలో గాని ఎంత పలుచగా, ఎంత చిక్కగా ఉన్నదన్నది గాఢత. మేలు చేసే గాఢతకు, ప్రాణం తీసే గాఢతకు మధ్యనున్న ఎడమే చికిత్సా పరిధి. కొన్ని మందులకు ఈ ఎడం రాజమార్గమంత వెడల్పు. క్లోరోఫాంకు మాత్రం పొలం గట్టంత. నేటికీ డిగాక్సిన్, లిథియం వంటి మందులకు ఆ ఎడం తక్కువే. అందుకే వాటిని వాడేవారికి రక్తపరీక్షలు చేయిస్తారు.

శ్వాసా? గుండెనా?

క్లోరోఫాం వల్ల మనిషి చనిపోయినప్పుడు ముందుగా ఆగేది ఏది? ఈ విషయంలో వైద్యులు రెండు పక్షాలుగా చీలిపోయారు. గుండె ఆగుతుంది గనుక నాడి మీద వేలు పెట్టి ఉంచాలని లండను వైద్యులలో అధికులు అనేవారు. ముందు శ్వాస ఆగుతుంది, శ్వాసను కనిపెట్టి ఉంటే చాలునని ఎడింబరో పక్షం వాదించేది. ఆ పక్షానికి పెద్ద దిక్కు జేమ్స్ సైమ్ అనే శస్త్రవైద్యుడు.

ఆ సైమ్ శిష్యుడు ఎడ్వర్డ్ లారీ మన హైదరాబాదుకు రెసిడెన్సీ సర్జనుగా వచ్చాడు. నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు పూర్వరూపమైన హైదరాబాదు మెడికల్ స్కూలుకు ఆయన అధిపతి. వేలాది రోగులకు గురువుగారి పద్ధతిలో క్లోరోఫాం ఇప్పించాడు. మొదటి మహిళా మత్తు వైద్యులలో ఒకరుగా చరిత్రకారులు పేర్కొనే రూపాబాయి ఫర్దూంజీ ఆ పాఠశాలలో చదువుకొన్న విద్యార్థినియే.

1888లో లారీ ఒక కమిషన్ ఏర్పాటు చేసి కుక్కల మీద ప్రయోగాలు జరిపించాడు. శ్వాసే ముందు ఆగుతున్నదని తేలింది. లండనులోని లాన్సెట్ వైద్య పత్రిక దీనిని నమ్మలేదు. క్లోరోఫాం వల్ల గుండె బలం తగ్గి రక్తపోటు పడిపోతున్నదని గ్లాస్గో వైద్యుల కమిటీ ఒకటి 1880 నాటికే తేల్చి ఉన్నది. అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం, మీరే ఒక నిపుణుణ్ణి పంపండి, ఖర్చు మేము భరిస్తామని వెయ్యి పౌండ్లు ఇచ్చింది.

వచ్చినవాడు సామాన్యుడు కాడు. గుండెనొప్పికి ఎమిల్ నైట్రైట్ పని చేస్తుందని 1867లో లోకానికి చెప్పిన లాడర్ బ్రంటన్. ఔషధ శాస్త్రంలో ఆనాటి ప్రామాణిక గ్రంథం రాసినవాడు. క్లోరోఫాం గుండెను ఆపగలదన్న నమ్మకంతోనే ఆయన హైదరాబాదులో అడుగు పెట్టాడు. 1889 చివరి నెలలలో కుక్కలు, కోతులు మొదలైన జంతువుల మీద వందల ప్రయోగాలు జరిగాయి. తిరిగే డ్రమ్ము మీద రక్తపోటు గీతలు నమోదు చేశారు. మళ్ళీ అదే ఫలితం వచ్చింది. శ్వాస ముందు, గుండె తరువాత. బ్రంటన్ తన అభిప్రాయం మార్చుకొని లండనుకు తంతి పంపాడు. 1890లో లాన్సెట్ నివేదికను ప్రచురించింది. మత్తు ఇచ్చేవాడు శ్వాసను మాత్రమే ఆధారం చేసుకోవాలన్నది దాని సారాంశం.

ఎక్కడ పొరపాటు జరిగింది?

హైదరాబాదులో చూసినది అబద్ధం కాదు. జంతువుకు క్లోరోఫాం ఇస్తూ పోతే, మత్తు లోతెక్కిన కొద్దీ మెదడులోని శ్వాస కేంద్రం మందగించి ముందుగా ఊపిరి ఆగుతుంది. కాని ఆపరేషను బల్లల మీద హఠాత్తుగా చనిపోయిన మనుషులలో చాలామంది అంత లోతైన మత్తుకు చేరనేలేదు. హానా గ్రీనర్ వలె, మత్తు అంటీ అంటని దశలోనే ప్రాణం విడిచారు. ఆ స్థితిని కమిషన్ ప్రయోగాలు పట్టుకోలేకపోయాయి. తాము చూసినదాని నుంచి, తాము చూడనిదానికి కూడా తీర్పు చెప్పారు.

అసలు రహస్యం 1911లో తేలింది. ఇంగ్లండులో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు పిల్లులకు క్లోరోఫాంను చాలా తేలికగా ఇచ్చి, ఆ స్థితిలో కొద్దిపాటి అడ్రినలిన్ ఎక్కించి చూశాడు. గుండె కింది గదులు లయ తప్పి, కొట్టుకోవడం మాని వణకసాగాయి. రక్తప్రసరణ తక్షణం ఆగిపోయింది. అడ్రినలిన్ అన్నది బయటి నుంచే రానక్కరలేదు. భయం, ఉద్రేకం కలిగినప్పుడు మన అడ్రినల్ గ్రంథులే దానిని విడుదల చేస్తాయి. భయంతో పెనుగులాడుతూ తొలి మత్తులో ఉన్న రోగికి, లోతైన నిద్రలో ఉన్న రోగి కన్న ఎక్కువ ప్రమాదం పొంచి ఉన్నదన్నమాట. గుండె విద్యుత్ తరంగాలను స్పష్టంగా గీసి చూపే ఐంథోవెన్ యంత్రం 1889 నాటికి ఇంకా పుట్టలేదు.

దీనినే మందుల పరస్పర చర్య అంటాము. రెండు పదార్థాలు విడివిడిగా ఉన్నప్పుడు చేయని పనిని కలిసినప్పుడు చేయడం. ఒక మందు మోతాదును ఎంత జాగ్రత్తగా కొలిచినా, శరీరంలో అప్పటికే ఉన్న రెండవదాని సంగతి తెలియకపోతే ఆ కొలతకు అర్థం లేదు.

క్లోరోఫాంలో మరొక దోషం కూడా బయటపడింది. ఆపరేషను సుఖంగా జరిగి, ఇంటికి పోయే దశలో ఉన్న కొందరు పిల్లలు కాలేయం దెబ్బతిని చనిపోయారు. మందు ఇచ్చిన క్షణాన కనబడేది తక్షణ దుష్ఫలితం. రోజుల తరువాత కనబడేది ఆలస్యపు దుష్ఫలితం. క్రమంగా వైద్యులు క్లోరోఫాంను విడిచిపెట్టారు.

నా స్వానుభవం

1980ల మొదట్లో నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో శస్త్రచికిత్స విభాగంలో పని చేస్తూ ఉండేవాడిని. ఒకనాడు తల మీద గడ్డ తీయవలసిన యువకుడికి హాలోథేన్ మత్తు ఇచ్చారు. 1956లో వాడుకలోకి వచ్చిన ఈ మందు క్లోరోఫాం కన్న ఎంతో నయం. రక్తస్రావం తగ్గడానికి నేను అడ్రినలిన్ కలిపిన ద్రావణం తయారు చేసుకొని చర్మం కిందికి ఎక్కించడం మొదలుపెట్టాను. ఏ మత్తు ఇచ్చారో అడగలేదు. ఎంత ఎక్కించవచ్చునో మత్తు వైద్యునితో మాట్లాడలేదు. రోజూ చేసే పనే కదా అన్న ధీమా.

ఆ రోజుల్లో మాకు బల్ల పక్కన మానిటరు లేదు. రోగి తల వైపు నిలబడిన స్టాఫ్ నర్సు చెవి ముందరి నాడి మీద వేలు ఉంచి ఉన్నది. "డాక్టరుగారూ, ఆగండి. నాడి తప్పుతున్నది" అన్నది. సూది వెనక్కి తీశాను. మత్తు వైద్యుడు హాలోథేన్ ఆపి ఆక్సిజన్ పెంచాడు. ఒక నిమిషం గడిచేసరికి నాడి దారిలో పడింది. ఆ నిమిషం ఎంత పొడవైనదో నాకు తెలుసు. శ్వాస అంతసేపూ చక్కగానే ఆడుతూ ఉన్నది. ఛాతీ ఒక్కటే చూస్తూ కూర్చొని ఉంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు.

క్లోరోఫాం వలెనే హాలోథేన్ కూడా గుండెను అడ్రినలిన్‌కు సులువుగా లోబడేటట్లు చేస్తుంది. ఎం.బి.బి.ఎస్.లో ఆ వాక్యం చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. అవసరమైన నాడు గుర్తుకు రాలేదు. ఆ సాయంత్రం మత్తు వైద్యుడు నన్ను మందలించలేదు. టీ తాగుతూ హైదరాబాదు కమిషన్ కథ చెప్పాడు. ఇప్పుడు నేను మీకు చెబుతున్నది ఆయన నోట విన్నదే. వివరాలు తరువాత నేను చదివి తెలుసుకొన్నాను. ఆ నర్సుకు కృతజ్ఞత చెప్పడానికి నాకు మరునాటి దాకా నోరు పెగల్లేదు.

మీరు గుర్తుంచుకోవలసినవి

ఇదంతా ఆపరేషను గదికి పరిమితమైన విషయం అనుకోకండి. జ్వరానికి పారసిటమాల్ వేసుకొంటూ, జలుబుకు వేరే మాత్ర తెచ్చుకొంటాము. ఆ జలుబు మాత్రలో కూడా పారసిటమాల్ ఉండవచ్చు. రెండూ కలిసి మోతాదు మించితే దెబ్బ తినేది కాలేయమే. అట్ట మీద అమ్మకపు పేరు కాక, లోపలి మందు పేరు చదవండి. రక్తం పలుచబడే వార్ఫరిన్ వాడుతున్నవారు మోకాళ్ళ నొప్పికని దుకాణంలో అడిగి మాత్రలు తెచ్చుకోకూడదు. ఏ వైద్యుని దగ్గరికి వెళ్ళినా, వాడుతున్న మందులన్నీ, ఆయుర్వేదమైనా సరే, ఒక కాగితం మీద రాసి చూపండి. పూర్వం ఏదైనా మందు పడకపోయి ఉంటే దాని పేరు ఆ కాగితం మీదనే మొదటి వరుసలో రాయండి.

నర్సింగ్ చదువుకొనే పిల్లలకు ఒక్క మాట. మందు ఇచ్చే ముందు రోగి పేరు, మందు పేరు, మోతాదు, మార్గం, వేళ సరిచూడాలని మీకు నేర్పుతారు. అవి తప్పక పాటించండి. ఇచ్చిన తరువాత రోగి దగ్గర నిలబడి శ్వాసను, నాడిని, ముఖాన్ని మూడింటినీ చూడండి. మీకు కనబడినదానిని పెద్ద డాక్టరు ఎదుటనైనా సరే వెంటనే చెప్పండి. బ్రంటన్ వంటి పండితునికే ఒకవైపు చూడడంలో రెండవవైపు తప్పిపోయింది.

మా అమ్మాయి కథ అంతా విని, నోటు పుస్తకంలో "పరస్పర చర్య" అన్న మాట పక్కన "అడ్రినలిన్, హాలోథేన్, తాతయ్య" అని రాసుకొన్నది. పరీక్షలో అది రాయవద్దని చెప్పి పంపాను.