థోరిన్ మాట వినలేదు

1980ల తొలినాళ్లు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్. కంప్యూటర్ సైన్స్ చదువుకుంటున్న వెరోనికా మెగ్లర్ అనే అమ్మాయి బీమ్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న కంపెనీలో పార్ట్‌టైమ్ పనికి కుదిరింది. యజమాని ఆల్ఫ్రెడ్ మిల్‌గ్రోమ్ ఆమెకు అప్పజెప్పింది ఒక్కటే పని: ఇంతవరకూ ఎవరూ రాయనంత గొప్ప అడ్వెంచర్ గేమ్ రాయాలి. ఆమెకు తోడు ఫిలిప్ మిచెల్ అనే మరో విద్యార్థి.

ఆ ఆటల్లో అంతా మాటల మీదే నడుస్తుంది. మనం ఒక ఆజ్ఞ టైప్ చేస్తే యంత్రం వాక్యాలతో బదులిస్తుంది. ఈ పద్ధతికి ఆద్యుడు విల్ క్రౌథర్. 1970ల నడుమ ఆయన రాసిన గుహల ఆటను మెగ్లర్ కూడా ఆడింది. దారులన్నీ పటం గీసి, చిక్కులన్నీ విప్పేశాక ఆమెకు విసుగొచ్చింది. ఎన్నిసార్లు వెళ్లినా అదే గది, అదే జవాబు. అందులో ఎవరికీ సొంత బతుకు లేదు.

తన ఆటలో అలా జరగకూడదనుకుంది. టోల్కీన్ నవలలోంచి తెచ్చుకున్న ప్రతి పాత్రకూ తాను చేసుకునే పనుల జాబితా ఒకటి పెట్టింది. మనం టైప్ చేయకుండా కూర్చున్నా ఆ లోకంలో కాలం కదులుతూనే ఉంటుంది. గాండాల్ఫ్ తన దారిన తాను పోతాడు, దొరికిన వస్తువు చేతికి తీసుకుంటాడు. డ్రాగన్‌ను చంపడానికి బాణం వెయ్యమని బార్డ్‌ను అడిగితే వెయ్యొచ్చు, కుదరదనొచ్చు. వెంట నడిచే థోరిన్ కూడా అంతే, మన మాట వింటాడన్న భరోసా లేదు. ఒక్కోసారి మనం చేరుకునేలోపే ముఖ్యమైన పాత్ర ఎక్కడో ప్రాణం పోగొట్టుకుని ఉంటుంది! ఇదంతా 48 కిలోబైట్ల యంత్రంలో పట్టించారు. ఆ నవల ఆధారంగా 1982లో వచ్చిన ‘ది హాబిట్’ ఆట కథ ఇది.

అయితే థోరిన్ కాదనడం చాలా వరకూ పాచికల పనే. నిన్న మనం చేసిన ద్రోహం గుర్తుండి కాదన్నాడా? లేదు. పగ, నమ్మకం, కృతజ్ఞత అనే లెక్క ఆటల్లోకి నిదానంగా వచ్చింది. 1994లో జపాన్‌లో కొనామీ కంపెనీ తెచ్చిన ‘తోకిమెకి మెమోరియల్’లో ఒక అమ్మాయిని నిర్లక్ష్యం చేస్తే ఆ సంగతి పాకి, మిగతా వాళ్ల దగ్గర కూడా మన పరువు పడిపోతుంది. మనిషికీ మనిషికీ మధ్య ఉన్న అంకె ఊరందరి అంకె అయ్యింది.

ఆ అంకె ఎలా పెరగాలో, ఎలా తగ్గాలో చూడటానికి మన ముక్తేశ్వరం రేవునే ఆటకు రంగస్థలం చేద్దాం. గౌతమి అవతల కోటిపల్లి. పంటు కదలబోతోంది. పంటు నడిపే సరంగుకు మన మీద ఉన్న నమ్మకం నూరుకు 50. ఒక మంచి పనికి ఇరవై పాయింట్లు కలిపేస్తూ పోతే మూడు పనులతో నూరు దాటేస్తాడు, ఇక ఆటే లేదు. చాయిస్ ఆఫ్ గేమ్స్ అనే సంస్థ తన రచయితలకు ఇచ్చే సూత్రం ఇంతకంటే మేలైనది. నూరుకు ఎంత తక్కువ ఉందో చూసి, అందులో 20 శాతమే కలుపుతుంది. 50 ఉన్నవాడు 60కి వస్తాడు, 90 ఉన్నవాడు 92కే ఆగుతాడు. తగ్గించేటప్పుడు మాత్రం ఉన్నదాంట్లోంచి 20 శాతం కోస్తుంది. అంటే 90 నమ్మకం ఉన్న సరంగుకు ఒక్క అబద్ధం చెబితే 72కి పడతాడు. మళ్లీ 90కి తేవాలంటే అదే బరువున్న మంచి పనులు కనీసం ఐదు చెయ్యాలి. నమ్మకం పోయినంత సులువుగా రాదని పెద్దలు చెప్పేదాన్ని ఇంత కచ్చితంగా పట్టుకున్న లెక్క నేను మరొకటి చూడలేదు.

ఒక్క అంకె చాలదు. నమ్మకం వేరు, భయం వేరు, అభిమానం వేరు. సరంగుకు మనమంటే భయం ఉండి నమ్మకం లేకపోవచ్చు. వాటితో పాటు జ్ఞాపకం కావాలి: రేవు ఒడ్డున టీ కొట్టులో డబ్బులు ఎగ్గొట్టామన్న కబురు అతని చెవిన పడిందా, లేదా?

అయితే ఈ అంకెలను తెర మీద చూపించడం తప్పని నా గట్టి నమ్మకం. మీటరు కనిపిస్తే ఆటగాడు మనిషిని వదిలేసి మీటరుతో మాట్లాడతాడు. 1983లో ఇన్ఫోకామ్ వారి ‘ప్లానెట్‌ఫాల్’లో ఫ్లాయిడ్ అనే రోబో చనిపోతే ఆటగాళ్లు ఏడ్చారు. స్కోరు చూసి కాదు, అది తమ వెంట తిరిగిన తీరు చూసి. మన సరంగు కూడా నమ్మకం 80 దగ్గర ‘‘టీ తాగొచ్చెయ్యండి బాబూ, ఆపుతానండి’’ అనాలి. 40 దగ్గర ‘‘ఎక్కండెక్కండి, టైమైపోయింది’’ అనాలి. 10కి పడిపోతే మన వైపు చూడకుండానే తాడు విప్పెయ్యాలి.

కోనసీమలో కంప్యూటర్ చదువులు చదువుతున్న పిల్లలకు ఒక మాట. ఇలాంటి ఆటలు రాయడానికి 2009లో క్రిస్ క్లిమాస్ చేసిన ట్వైన్, ఇంక్ అనే మరో పరికరం, రెండూ ఉచితమే. ట్వైన్ కథ వెబ్ పేజీగా తయారవుతుంది కాబట్టి తెలుగు అక్షరాలు అందులో చక్కగా కనిపిస్తాయి. ఆజ్ఞలు టైప్ చేయించే పద్ధతిని మన క్రియాపదాల రూపాలు ఇబ్బంది పెడతాయి. ఎంపికలు ఇచ్చి నడిపించే పద్ధతితో మొదలుపెట్టండి. రేవు, సరంగు, టీ కొట్టు ఉంటే సరి; ఒక్కో మనిషికీ మూడు అంకెలు చాలు. ఈ సెలవుల్లో రాయండి, తెలుగులోనే రాయండి.