పెరటి సేద్యంలో వైర్‌లెస్ సెన్సర్లు

పెరట్లోనో, మిద్దె మీదో, అరెకరం చెలకలోనో మట్టి తేమను, గాలి వేడిని, ట్యాంకులో నీటి మట్టాన్ని చిన్న పరికరాలతో కొలిచి, ఆ కొలతను తీగ లేకుండా రేడియో మీద పంపి, దాన్నిబట్టి మోటారో వాల్వో దానంతటదే నడిచేలా చేసుకునే ఏర్పాటు. దీని చరిత్ర రాసేవాళ్లు ఎక్కువగా చిప్పుల గురించే రాస్తారు. కానీ ఇందులో సగం కథ మట్టిది. తెలుగు రైతు ‘పదును’ అని ఒక్క మాటలో తేల్చేసేదాన్ని అంకెగా మార్చడానికి దశాబ్దాలు పట్టింది. ఆ అంకెను గాల్లో పంపడం మాత్రం పదిహేనేళ్లలో పిల్లలాట అయింది.

పదును చూడటానికి రైతుకు పరికరం అక్కర్లేదు. జానెడు లోతు తవ్వి పిడికెడు మట్టి తీసి నొక్కుతాడు. ఉండ కట్టి, వేలితో తాకగానే విరిగితే పదునుంది. పొడిగా రాలిపోతే తడి పెట్టాలి, చేతికి అంటుకుంటే ఆగాలి. ఇదే పనిని పరికరంతో చేయించే దారిని 1908లో అమెరికా వృక్షశాస్త్రవేత్త బర్టన్ లివింగ్‌స్టన్ చూపాడు. 1930ల నాటికి విల్లర్డ్ గార్డనర్, ఎల్.ఎ. రిచర్డ్స్ వంటి వారి చేతుల్లో అది టెన్షియోమీటర్‌గా స్థిరపడింది. మెరుగు లేని మంచినీటి కుండ ఎలా చెమరుస్తుందో ఇదీ అంతే. గొట్టం అడుగున సన్నని రంధ్రాలున్న కాల్చిన మట్టి గుల్ల ఉంటుంది, గొట్టం నిండా నీళ్లుంటాయి. చుట్టూ మట్టి ఎండేకొద్దీ గుల్లలోంచి నీటిని లాగుతుంది, ఆ లాగుడు పైనున్న మీటరు ముల్లు మీద కనిపిస్తుంది. ఇది నేలలో ఎంత నీరుందో చెప్పదు, ఆ నీటిని లాక్కోవడానికి వేరు ఎంత కష్టపడాలో చెబుతుంది. మొక్కకు కావలసింది ఆ లెక్కే కాబట్టి ఇప్పటికీ దీన్ని మించిన కొలత లేదనే చెప్పాలి. చిక్కల్లా సుమారు 80 సెంటీబార్లు దాటి నేల ఎండితే గొట్టంలోకి గాలి చొరబడుతుంది, మళ్లీ నీళ్లు నింపుకుంటూ కూర్చోవాలి.

1940లో మిషిగన్‌లో బుయోకోస్, మిక్ అనే ఇద్దరు రెండు లోహపు కడ్డీలను జిప్సం బిళ్లలో పోతపోసి నేలలో పాతారు. బిళ్ల తడిస్తే వాటి మధ్య కరెంటు తేలిగ్గా పారుతుంది, ఎండితే అడ్డం పెరుగుతుంది. మట్టి తేమ విద్యుత్ సంకేతంగా మారింది ఇక్కడే. కొన్నాళ్లకు జిప్సం నేలలో కరిగిపోతుంది, అది వేరే సంగతి. 1980లో కెనడాకు చెందిన టాప్, డేవిస్, అన్నన్ మరో దారి పట్టారు. విద్యుత్ క్షేత్రానికి స్పందించే గుణం గాలికి 1 అనుకుంటే పొడి మట్టికి నాలుగైదు, నీటికి 80 దాకా ఉంటుంది. నేలలోకి పంపిన సంకేతం ఎంతసేపట్లో తిరిగొచ్చిందో చూస్తే నీరెంతో తెలిసిపోతుంది. నేడు ఇంటి తోటల్లో గుచ్చే కెపాసిటివ్ సెన్సరు ఆధారపడేది కూడా నీటికున్న ఈ గుణం మీదే.

కొలత ఒకపక్క ఇలా నడుస్తుంటే నీటి పారుదల మరోపక్క మారింది. 1965లో ఇజ్రాయెల్‌లోని హట్జెరిమ్‌లో మొదలైన నెటాఫిమ్ కంపెనీ డ్రిప్ పైపులను సరుకుగా మార్చింది, వాటి వెంట టైమర్లు వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో సూక్ష్మసేద్య పథకం మొదలయ్యాక డ్రిప్ అనంతపురం చీనీ తోటల్లోనూ వాడుక మాటైంది. టైమరుకు గడియారం తప్ప ఇంకేమీ తెలియదు, జోరున వాన కురుస్తున్నా వేళకు నీళ్లు వదులుతుంది.

తెలుగు నేల మీద వ్యవసాయ ఆటోమేషన్ అంటూ మొదట ఊరూరా పాకింది ఆటో స్టార్టరు. దీన్ని ఈ చరిత్రలో చేర్చనివాళ్లే ఎక్కువ, చేర్చకపోవడం తప్పు. కరెంటు ఏ అర్ధరాత్రి వస్తుందో తెలియదు. చీకట్లో పొలానికి పోతే పాములు, తేళ్లు, తడి చేతులతో స్టార్టరు తాకితే షాకు. కరెంటు రాగానే మోటారును తనే ఎక్కించే ఈ పెట్టె రైతు నిద్ర కాపాడింది. అయితే దానికున్న సెన్సరు ఒక్కటే: కరెంటు వచ్చిందా లేదా. నేల తడిసిందా, బోరులో నీళ్లున్నాయా అన్నది దానికి పట్టదు. కరెంటు వచ్చిన క్షణాన ఊళ్లో మోటార్లన్నీ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మరు మీద బరువు పడుతుంది, మడి నిండాక కూడా బోరు పోస్తూనే ఉంటుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణ వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతుల్ని బతిమాలుకోవాల్సి వచ్చింది. కళ్లు లేని ఆటోమేషన్‌కు ఇంతకంటే పెద్ద పాఠం మరోచోట దొరకదు. అంతకు ముందే పుణెకు చెందిన ఇంజనీరు సంతోష్ ఓస్త్వాల్ ‘నానో గణేశ్’ పేరుతో మొబైల్ ఫోనుతో మోటారును నడిపే పరికరం చేశాడు. 2009లో దానికి నోకియా పోటీలో బహుమతి వచ్చింది. మోటారు ఆడుతోందో లేదో ఇంట్లో కూర్చుని తెలుసుకోవడం దాంతో సాధ్యమైంది.

పొలంలో పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలన్న ఆలోచన మాత్రం వ్యవసాయంలోంచి రాలేదు. 1997 ప్రాంతంలో బర్క్‌లీలో క్రిస్ పిస్టర్ అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పాకు ‘స్మార్ట్ డస్ట్’ ప్రతిపాదన పెట్టాడు. ధూళి రేణువంత సెన్సర్లను వెదజల్లాలన్నది దాని సారం. తయారైనవి మాత్రం రెండు పెన్సిల్ సెల్లులంత ‘మోట్’లు. 2002 వేసవిలో అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు గ్రేట్ డక్ దీవిలో 32 మోట్‌లను సముద్రపు పక్షుల బొరియల్లో, వాటి చుట్టూ పెట్టారు. 2003లో 802.15.4 అనే తక్కువ కరెంటు రేడియో ప్రమాణం వచ్చాక చూపు చేల మీద పడింది.

2005లో నెదర్లాండ్స్‌లో బంగాళదుంప చేలో దాదాపు వంద మోట్‌లు దించారు. ఆకుల మధ్య తేమ, వేడి చూసి ఆకుమాడు తెగులు ఎప్పుడొస్తుందో ముందే పసిగట్టి మందు ఖర్చు తగ్గించాలన్నది పథకం. రావలసిన సమాచారంలో చేతికందింది నూటికి రెండు పాళ్లే. ప్రోగ్రాముల్లో తప్పులు, ముందే అయిపోయిన బ్యాటరీలు, చివరి నిమిషంలో చేసిన మార్పులు అన్నీ కలిసి కొట్టాయి. ‘మర్ఫీకి బంగాళదుంపలంటే ప్రేమ’ అని పేరు పెట్టి ఆ పరిశోధకులే తమ ఓటమిని పూసగుచ్చినట్టు రాసుకున్నారు. చెడిపోగలిగింది చెడిపోయే తీరుతుందన్న సూత్రానికి మర్ఫీ పేరు. ఈ రంగంలో విజయగాథల కంటే ఎక్కువ పనికొచ్చిన వ్యాసం అదే. అదే చేలో మరో వింత తేలింది: గాలిలో తేమ పెరిగినప్పుడు, రాత్రిపూటా వాన పడ్డప్పుడూ, సంకేతం ఇంకా బాగా అందింది. అందరూ అనుకున్నదానికి ఇది తలకిందులు.

దాదాపు అదే కాలంలో బెంగళూరు ఐఐఎస్‌సీ, స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్ కలిసి పావగడ తాలూకా చెన్నకేశవపురంలో ‘కామన్‌సెన్స్ నెట్’ నడిపాయి. పావగడ కర్ణాటకదే అయినా మూడు వైపులా ఉన్నది ఆంధ్ర, వీధిలో వినిపించేది తెలుగు. అక్కడ వానాధారపు వేరుశనగే ప్రాణం. నేల ఎండిందని సెన్సరు చెప్పినా పెట్టడానికి తడి ఏది? అందుకని ఆ అంకెలను పంట నమూనాలు సరిచూసుకోవడానికి, ఉన్న కాస్త నీటిని ఎప్పుడు వాడాలో తేల్చుకోవడానికి మళ్లించారు. ఐఐటీ బొంబాయి బృందం నాసిక్ ద్రాక్షతోటల్లో ‘అగ్రిసెన్స్’ పెట్టింది. ఆ బృందపు ఉదయ్ దేశాయ్ తర్వాత 2009లో ఐఐటీ హైదరాబాద్ తొలి డైరెక్టరుగా వచ్చారు.

ఇంటి తోటకు ఇవేవీ అందేవి కావు, ఒక్కో మోట్ వంద డాలర్లకు పైమాటే. తలుపు తెరిచింది వేరేవాళ్లు. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో, డిజైను విద్యార్థుల కోసం ఆర్డునో అనే, ఎవరైనా ప్రోగ్రాము రాసుకోగల చిన్న బోర్డు పుట్టింది. 2006లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ‘బొటానికాల్స్’ అనే సరదా పని జరిగింది: దాహమేస్తే మొక్కే యజమానికి ఫోను చేస్తుంది. 2014లో షాంఘైకి చెందిన ఎస్‌ప్రెసిఫ్ వారి ఈఎస్‌పీ8266 చిప్పు ఐదు డాలర్ల లోపు వైఫైతో సహా దొరికింది. మొదట్లో దాని వివరాలన్నీ చైనీస్‌లోనే ఉండేవి, అభిరుచి ఉన్నవాళ్లు కూర్చుని అనువదించుకున్నారు. కబురు చేరవేసే భాషగా ఎంక్యూటీటీ అప్పటికే ఉంది. 1999లో చమురు పైపులైన్ల మీద నిఘాకు పుట్టిన భాష అది, ఇప్పుడు వంకాయ కుండీల యోగక్షేమాలు మోస్తోంది.

ఈఎస్‌పీ8266 చిప్పు వైఫై పంపేటప్పుడు 170 మిల్లీఆంపియర్ల దాకా తాగుతుంది. గాఢనిద్రలో పెడితే 20 మైక్రోఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. గంటకోసారి లేచి, చూసి, చెప్పి, పడుకునేలా రాస్తే ఒక్క లిథియం సెల్లుతో నెలలు గడుస్తాయి. పొలం ఇంటి వైఫైకి అందనంత దూరంలో ఉంటే లోరా అనే రేడియో పద్ధతి ఉంది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో సిక్లియో అనే కంపెనీ కనిపెట్టిన పద్ధతి ఇది, ఆ కంపెనీని 2012లో సెమ్‌టెక్ కొనుక్కుంది. మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 865–868 మెగాహెర్ట్జ్ మీద ఇది కిలోమీటర్ల దూరం పోతుంది. ఇన్ని వచ్చినా తోటలో మొదట చెడేది రేడియో కాదు.

మొదట చెడేది మట్టిలో ఉన్న ముక్క. ఫోర్కులా రెండు కాళ్లున్న చవక రెసిస్టివ్ సెన్సరుకు ఎడతెగకుండా కరెంటిస్తే ఎలక్ట్రాలిసిస్ జరిగి వారాల్లో ఒక కాలి పూత ఊడి నల్లబడుతుంది. చూసే క్షణంలో మాత్రమే కరెంటిచ్చేవాళ్లది ఇంకొన్నాళ్లు బతుకుతుంది. కెపాసిటివ్ రకానికి ఈ జబ్బు లేదు గానీ బోర్డు అంచుల్లోంచి నీరు పీల్చి అంకె తప్పుతుంది, ఆ అంచులకు గోళ్ల రంగు పూయడం తోటవాళ్లు కనిపెట్టిన చిట్కా. నల్లరేగడిలో మరో తంటా ఉంది. ఎండకు నేల నెర్రెలిస్తే సెన్సరు పక్కన సందు పడుతుంది, అది గాలిని కొలిచి ఎండిపోయిందంటుంది. నీళ్ల వైపు కూడా ఒక ఉచ్చు: బజారులో దొరికే సోలెనాయిడ్ వాల్వుల్లో చాలావాటికి కనీసం రెండు మీటర్ల ఎత్తు నీటి ఒత్తిడి కావాలి. మిద్దె తోటలో డ్రమ్ము కుండీల పక్కనే ఉంటుంది. కరెంటిస్తే వాల్వు టక్కుమంటుంది, చుక్క రాదు. అందుకే మిద్దెల మీద 12 వోల్టుల చిన్న పంపో, మోటారుతో తిరిగే బాల్ వాల్వో వాడతారు.

మట్టి కలగలుపు మారితే అంకె అర్థం మారిపోతుంది కనుక కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు కలిపిన కుండీకి ఎర్రమట్టి అంకె పనికిరాదు. కొత్త సెన్సరును మొదట గాలిలో పట్టుకుని ఒక అంకె, గ్లాసు నీళ్లలో గీత దాకా ముంచి ఇంకో అంకె రాసుకుంటారు. నీళ్లు ఎక్కడ వదలాలో చెప్పే మూడో అంకె ఏ పుస్తకంలోనూ ఉండదు. రోజూ కుండీలో వేలు పెట్టి చూస్తూ, ఇక తడి పెట్టాలనిపించిన పొద్దున తెర మీద ఎంతుందో అదే రాసుకుంటారు.