జి తీగ, ఆరో మెట్టు

మా ఇంట్లో మాట తెలుగు. పెన్నాగరం బజార్లో తమిళం, హొగెనకల్ వైపు వెళ్తే కన్నడం కూడా చెవిన పడుతుంది. తిరునాళ్ళలో పాట ఏ భాషదైనా నేను వాయించింది బేస్ గిటారే. జి తీగ మీద ఆరో మెట్టు నొక్కితే చాలు, అది నీరసపడిపోయేది. పక్క మెట్లు మాత్రం ఖంగుమనేవి. ఒక మారియమ్మ పండగ రాత్రి మైకుసెట్టు అబ్బాయి ఆ ఒక్క స్వరం కోసం వాల్యూమ్ పెంచాడు. మిగతావన్నీ గుండెల మీద గుద్దాయి గానీ అది మాత్రం పైకి రాలేదు.

ఈ తంటా నా ఒక్కడిదే కాదు. నిలువెత్తు డబుల్ బేస్‌కి మెట్లుండవు, శ్రుతి భారమంతా వేలిదే. 1951లో అమెరికాలో లియో ఫెండర్ మెట్లున్న కరెంటు బేస్ అమ్మకానికి తెచ్చి, ఆ కచ్చితత్వానికి గుర్తుగా ప్రెసిషన్ అని పేరు పెట్టాడు. మెట్టు శ్రుతిని నిలబెట్టింది కానీ బలాన్ని సమంగా పంచలేకపోయింది. తీగ ఊపును పట్టే మొదటి పికప్‌లో తీగకొక అయస్కాంతమే, అదీ సరిగ్గా తీగ కిందే. 1957లో పికప్‌ని రెండు ముక్కలు చేసి, ప్రతి తీగకీ అటొకటి ఇటొకటి అయస్కాంతం పెట్టారు. దెబ్బ పదును తగ్గి, మోత నిండుగా మారింది.

మెట్ల విషయంలో మనవాళ్ళు ఎంతో ముందున్నారు. 17వ శతాబ్దంలో తంజావూరు ఏలిన, తెలుగులో కావ్యాలు రాసిన రఘునాథ నాయకుడి కాలానికే ఇరవైనాలుగు స్థిరమైన మెట్ల వీణను ముడిపెడతారు. స్థిరం అన్నమాటే గానీ ఆ మెట్లు కూర్చునేది మైనం మీద. స్వరం తేడా చేస్తే మైనం కరిగించి మళ్ళీ సర్దుకోవచ్చు. గిటారు మెట్లు అలా కాదు, చెక్కలోకి దిగగొట్టిన లోహం.

నా గిటారు రోగం కనిపెట్టింది సేలంలో ఒక రిపేరు మేస్త్రి. ముందు యాంప్ ఆపించాడు. "ఒట్టి చెక్కతో వాయించు సామీ" అన్నాడు. అప్పుడూ ఆరో మెట్టు చచ్చుగానే మోగింది. అంటే పికప్ నిర్దోషి. తీగ మొత్తం నీరసంగా ఉంటే పాత తీగైనా అయ్యుండాలి, పికప్ ఎత్తైనా తప్పయ్యుండాలి. చివరి మెట్టు నొక్కిపట్టినప్పుడు తీగకీ అయస్కాంతానికీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లుంటే చాలు. మరీ దగ్గరైతే అయస్కాంతమే తీగను లాగి ఊపు తగ్గిస్తుంది. ఒక్క మెట్టే మూగబోతే దొంగ మెడలో ఉన్నట్టు. పొడుగాటి ఆ కొయ్య కూడా ఊగుతుంది. దాని ఊపూ స్వరం ఊపూ కలిసిన చోట తీగ బలాన్ని అది మింగేస్తుంది. ఫెండర్ తరహా బేస్‌లలో జి తీగ మీద అయిదు నుంచి ఏడో మెట్టు దాకా ఈ పీడ మామూలే. 1970లలో కార్బన్ మెడలు చేసినవాళ్ళకి ఇదీ ఒక కారణం.

మేస్త్రి గిటారు తలను తలుపు చెక్కకి ఆనించి మళ్ళీ మీటమన్నాడు. ఆరో మెట్టు పలికింది!

తలుపును వేదిక మీదికి మోసుకెళ్ళలేం కదా. తలకి చిన్న బరువు బిగిస్తే మూగచోటు పోలేదు, పక్క మెట్టుకి జరిగింది. అది తీసేశాను. ఆ స్వరాన్ని ఇప్పుడు డి తీగ మీద పదకొండో మెట్టులో వాయిస్తున్నాను.