కంటికి దూరమైతే… ఒక ఆంగ్ల నుడికారం, అండమాన్ కారాగారం

‘అవుట్ ఆఫ్ సైట్, అవుట్ ఆఫ్ మైండ్’ అనేది ఆంగ్లంలో తరచుగా వినిపించే నుడికారం. కంటికి కనిపించని మనిషిని లోకం త్వరగా మరచిపోతుందని దీని భావం. ‘కంటికి దూరమైతే మనసుకూ దూరమే’ అని తెలుగులో అంటాం గాని, రెండింటికీ కొంత భేదం ఉంది. ‘మైండ్’కు మూలమైన ప్రాచీన ఆంగ్ల పదానికి జ్ఞాపకమనే అర్థం ఉండేది, ‘కీప్ ఇన్ మైండ్’ అన్న వాడుకలో అది నేటికీ నిలిచి ఉంది. మన మాటలో తరిగేది మమకారం, వారి మాటలో చెరిగేది జ్ఞాపకం.

ఈ భావన పాతదే. 15వ శతాబ్దంలో థామస్ ఎ కెంపిస్ లాటిన్‌లో రచించిన ‘క్రీస్తు అనుకరణ’లో, మరణాన్ని గురించిన అధ్యాయంలో ఇది కనిపిస్తుంది. 16వ శతాబ్దానికి ఆంగ్లంలో సామెతగా స్థిరపడింది.

ఈ సామెతనే శిక్షగా మలిచిన చోటు అండమాన్. 1857 తిరుగుబాటు అనంతరం, 1858 మార్చిలో బ్రిటిష్ ప్రభుత్వం తొలి ఖైదీలను అక్కడికి తరలించింది. 1896లో మొదలై 1906లో పూర్తయిన సెల్యులార్ జైలులో ఏడు విభాగాలు ఉండేవి. ఒక విభాగపు గదుల ముఖద్వారాలు మరో విభాగపు వెనుక గోడను చూసేలా కట్టారు. దేశానికే కాదు, తోటి ఖైదీకి కూడా ఖైదీ ముఖం కనిపించరాదన్నది ఉద్దేశం. ఇంటికి ఏడాదికి ఒక్క ఉత్తరమే అనుమతించిన కాలమూ ఉంది.

అయినా మరపు రాలేదు. 1937 జూలైలో రాజకీయ ఖైదీలు నిరాహార దీక్షకు దిగగా దేశమంతటా ఆందోళన చెలరేగింది. గాంధీజీ, రవీంద్రనాథ్ ఠాగూర్ దీక్ష విరమించమని తంతులు పంపారు. 1938 జనవరి నాటికి రాజకీయ ఖైదీలందరినీ ప్రభుత్వం ప్రధాన భూభాగానికి చేర్చవలసి వచ్చింది.

తెలుగువారికి ఇక్కడ గుర్తుకు రావలసిన పేరు గాం మల్లుదొర. అల్లూరి సీతారామరాజు అనుచరుడైన ఈయన గాం గంటందొర సోదరుడు. మన్యం తిరుగుబాటు అణగిన తరువాత ఈయనకు పడిన మరణశిక్షను ద్వీపాంతరవాసంగా మార్చి అండమాన్‌కు పంపారు. 1937లో విడుదలయ్యారు. పాలకులు కనుమరుగు చేయదలచిన ఆ మన్యం వీరుణ్ణి, 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో విశాఖపట్నం ఓటర్లు లోక్‌సభకు పంపారు.